హార్బరు కంటే ముందు కట్టుబాటు

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నెలో దాదాపు 289 కోట్ల రూపాయలతో కట్టిన చేపల హార్బరును 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి ప్రారంభించారు. పాత లెక్కల ప్రకారం నెల్లూరు జిల్లాకు 169 కిలోమీటర్లు, ప్రకాశం జిల్లాకు 102 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత పొడుగు తీరంలో మరపడవ నిశ్చింతగా నిలబడేందుకు తగిన రేవు లేకపోవడంతో మా వైపు మత్స్యకారులు ఫైబర్ బోట్లను ఇసుక మీదికి లాక్కుంటూ కాలం గడిపారు. పెద్ద వేటకు పోవాలనుకున్న కుర్రవాళ్లు చెన్నైలోని కాశిమేడుకో, మంగుళూరుకో వెళ్లి పరాయి పడవల మీద కూలికి కుదిరారు. వారు తమ ఊరి ఎదుట, తమ పడవ మీద వేట చేసుకోగలగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. ప్రకాశం తీరంలో కొత్తపట్నం వద్ద కూడా హార్బరు ప్రతిపాదన ఉంది. అయితే రేవు వచ్చాక పెద్ద పడవలు వస్తాయి, పెద్ద పడవల వెంట అప్పులు వస్తాయి, అప్పు తీర్చవలసిన పడవ ఏ చేపనూ వదలదు. ఎన్ని పడవలు, ఏ వలలు, ఒడ్డుకు ఎంత దూరంలో, ఏ నెలల్లో అన్న ప్రశ్నలకు మత్స్యకార గ్రామాలే కూర్చుని, రాతపూర్వకంగా, ప్రభుత్వ గుర్తింపుతో సమాధానాలు నిర్ణయించుకోవలసిన సమయం ఇదే. ఇంకొన్నేళ్లు పోతే పడవలు దిగిపోయి ఉంటాయి, అప్పుడు నిర్ణయించడానికి ఏమీ మిగలదు.

నేను పనిచేసే బడి ఒక పట్టపుపాలెంలో, అంటే మత్స్యకారుల పాలెంలో, ఉంది. గోడ అవతల వలలు బాగుచేసుకునేవారి మాటలు వింటూ, సాయంత్రాలు వారితో కూర్చుని అడుగుతూ తెలుసుకున్న విషయాలే ఇక్కడ చాలా వరకు రాస్తున్నాను.

మా పత్రికలకు సముద్ర సంరక్షణ అంటే వేట నిషేధం ఒక్కటే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మన రాష్ట్రంలో మరపడవలు, మోటారు బోట్లు సముద్రం మీదికి వెళ్లకూడదు. ఒకప్పుడు ఇది ఇంతకంటే తక్కువ రోజులే ఉండేది. నిషేధ కాలపు భృతి 2019లో 10 వేల రూపాయలుగా, 2025 ఏప్రిల్‌లో ‘మత్స్యకార సేవలో’ పేరుతో 20 వేల రూపాయలుగా నిర్ణయమైంది. ఎవరికి పడింది, ఎవరి పేరు జాబితాలో లేదు అన్న చర్చ నెల రోజులు సాగుతుంది. ఆ చర్చ అవసరమే, ఎందుకంటే రెండు నెలలు పొయ్యి వెలగాలి. కానీ నిషేధం ఎందుకోసం పెట్టారో ఆ పని జరుగుతున్నదా అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రాన్ని వదిలేస్తే సంతతి పెరుగుతుందన్నది నిషేధం వెనుక ఉన్న ఆలోచన. ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే వేసవిలో పుట్టిన చేప జూన్ మధ్య నాటికి ఇంకా పిల్లగానే ఉంటుంది. నిషేధం ముగిసిన మర్నాడే సన్న కన్ను వలలతో వందల పడవలు ఒకేసారి దిగితే, ఆ 61 రోజులు కాపాడుకున్నదంతా కొన్ని వారాల్లో ఒడ్డు చేరుతుంది. నారు పోసి, నాటు వేసే అదును రాకముందే ఆ నారునే కోసి పశువులకు వేసుకోవడం వంటిది ఇది. పాలెంలో ఒక పెద్దాయన నాతో ఈ మాటే మరో రకంగా అన్నాడు: “అయ్యోరా, రెండు నెలలు గంగమ్మకి సెలవిచ్చి, మూడో నెల్లో పిల్లల్ని ఊడ్చుకొస్తే ఆ సెలవు ఎవురికి?” ఆయన వేట మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు ఆయన కొడుకులు వెళుతున్నారు, వారి వల కన్ను ఆయన వల కన్నుకంటే చిన్నది.

కాబట్టి అసలు విషయం వల కన్ను దగ్గర ఉంది. కేరళ ప్రభుత్వం 2015లో 14 రకాల చేపలకు, 2017 నాటికి 58 రకాలకు కనీస పరిమాణాలు నిర్ణయించింది. కవళ్లు 10 సెంటీమీటర్లకు, కానాగంతలు 14 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే పట్టడానికి గానీ అమ్మడానికి గానీ వీల్లేదు. దేశంలో ఈ పని మొదట చేసిన రాష్ట్రం అదే. మన తీరానికి ఇటువంటి పట్టిక అవసరమని నేను గట్టిగా నమ్ముతాను, కానీ దానిని విజయవాడలో కూర్చుని తయారు చేస్తే మాత్రం మొదటి రోజునే బెడిసికొడుతుంది. ఎందుకంటే మా పాలెంలో ఎంతోమంది బతుకు నెత్తళ్ల మీద ఆధారపడి ఉంది, నెత్తళ్లు పూర్తిగా ఎదిగినా వేలెడు పొడుగే ఉంటాయి. వాటిని పట్టాలంటే సన్న కన్ను వల ఉండి తీరాలి. అదే సన్న వలను నెత్తళ్లు లేని కాలంలో, పిల్ల కవళ్లు, పిల్ల కానాగంతలు తిరిగే చోట వేస్తే నష్టం. ఏ నెలలో, ఎన్ని బారల లోతులో, ఏ వల వేయవచ్చో చెప్పగలిగినవారు వేటకు పోయేవారే. ‘సన్న వల నిషేధం’ అనే ఒక్క వాక్యపు ఉత్తర్వు నెత్తళ్ల మీద బతికేవాడిని నేరస్థుణ్ణి చేస్తుందే తప్ప చేప పిల్లను కాపాడదు.

ఈ తగవు ఎంత దూరం పోగలదో మన తీరం చూసింది. 2020 డిసెంబరులో, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాల తీరంలో వాడరేవు, కఠారిపాలెం మత్స్యకారులు వల కన్ను పరిమాణం విషయంలోనే ఘర్షణ పడ్డారు. ఇరుగుపొరుగు గ్రామాలు, ఒకే సముద్రం, ఒకే వృత్తి; అయినా మనుషులు కొట్టుకునే దాకా వచ్చింది. ఆ వార్తను చాలామంది ఊరి కొట్లాటగా చదివి పక్కన పెట్టారు. నాకు మాత్రం అది చేప తగ్గుతున్నదనడానికి, ఉన్న చేపను ఎలా పంచుకోవాలో తేల్చే వేదిక లేదనడానికి అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యంగా కనిపించింది.

చట్టం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లోనే వచ్చింది. దాని నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి, మరపడవలు అక్కడ వేట చేయకూడదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు, వేట మీద అధికారం రాష్ట్రానిదే. కానీ తమిళనాడు కడలూరు వైపు నుంచి వచ్చే, మా వాళ్లు సోనా బోట్లు అని పిలిచే పెద్ద ఇంజన్ల పడవలు ఈ గీత దాటి లోపలికి వచ్చాయని, తమ వలలను తెంపుకుపోయాయని నెల్లూరు మత్స్యకారులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు, కొన్నిసార్లు తామే ఆ పడవలను పట్టుకొచ్చి ఒడ్డున నిలబెట్టారు. కొత్త వల కొనడమంటే ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి తీర్చుకోవలసిన అప్పు. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే రేపు జువ్వలదిన్నెలో మన సొంత మరపడవలే పెద్ద సంఖ్యలో దిగితే, అదే 8 కిలోమీటర్ల గీతను అవి గౌరవిస్తాయా? పరాయి పడవను అడిగే ప్రశ్నను అన్న పడవను, బావ పడవను అడగడం చాలా కష్టం. అందుకే ముందే అడగాలంటున్నాను.

మరపడవల అడుగు లాగుడు వలల గురించి కూడా కొంత చెప్పాలి. ఈ వల చివర సంచిలో సాధారణంగా ఉండే వజ్రాకారపు కన్ను, పడవ లాగే బిగువుకు సాగి మూసుకుపోతుంది. కొలిచి చూస్తే కన్ను పెద్దదే, నీళ్లలో మాత్రం పిల్ల చేప దూరిపోయే సందు ఉండదు. సంచి భాగంలో చదరపు కన్ను వల కడితే లాగుతున్నప్పుడు కూడా అది తెరుచుకునే ఉంటుంది. పెద్ద ఖర్చు లేని మార్పు ఇది. తాబేళ్లు తప్పించుకునే అమరిక కూడా అటువంటిదే. ఏటా మొదటి మూడు నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక తీరాలకు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ నెలల్లోనే వాటి కళేబరాలు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరి పీల్చడానికి పైకి రావాలి, వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. వల మధ్యలో కమ్మీల చట్రం పెట్టి, పైన ఒక ద్వారం వదిలితే రొయ్య లోపలికి, తాబేలు బయటికి పోతాయి. ఈ అమరికలు సరిగా వాడడం లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి భారతదేశపు సముద్రపు రొయ్యను దిగుమతి చేసుకోవడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ ఆంక్ష వర్తించదు కాబట్టి నెల్లూరులో దీని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు, కానీ హార్బరులో దిగబోయే రొయ్య సముద్రపు రొయ్య అన్న సంగతి మరచిపోకూడదు.

సముద్రం సంగతి ఒడ్డు దగ్గరే ఆగదు. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి కనిపించనంత పిల్లలు పోటు నీటితో కలిసి, నీరు సముద్రంలో కలిసే మొగల గుండా లోపలికి, కాలువల్లోకి, మడ చెట్ల వేళ్ల మధ్యకు చేరి, అక్కడ కొన్ని నెలలు పెరిగి, మళ్లీ ఆటు నీటితో సముద్రానికి పోతాయి. అంటే మొగ మూసుకుపోతే సముద్రంలో రొయ్య తగ్గుతుంది. మాకు పెన్న, స్వర్ణముఖి, కండలేరు వాగు, పైన ప్రకాశంలో గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు ఉన్నాయి. సోమశిల వంటి జలాశయాలు కట్టాక సముద్రం దాకా వచ్చే మంచినీరు తగ్గింది. నీటి తోపు లేని మొగలో అలలు తెచ్చిన ఇసుక మేట వేస్తుంది. పులికాట్ సరస్సుకు రాయదొరువు వద్ద ఉన్న మొగ పూడిక గురించి అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. సాగునీటికి జలాశయాలు కావాలి, నేను వాటికి వ్యతిరేకిని కాను. కాని ఏ నెలలో ఎంత నీరు నదిలోకి వదలాలో నిర్ణయించే సమావేశంలో రైతు ప్రతినిధి ఉన్నట్టే మొగ దగ్గర బతికే జాలరి కూడా ఉండాలి. ఆ కాలువల్లో చేతులతో పీతలను, రొయ్యలను పట్టి బతికే యానాదులు కూడా ఉండాలి. వారికి పడవ ఉండదు, వల కూడా తరచుగా ఉండదు, అందువల్ల మత్స్యకారుల జాబితాల్లో వారు లెక్కకు రావడం కష్టం. కానీ కాలువ చచ్చిపోతే అందరికంటే ముందు ఆకలి తగిలేది వారికే.

ఇక్కడ రొయ్యల చెరువుల విషయం వస్తుంది, ఈ విషయంలో నెల్లూరు జిల్లాకు ఉన్నంత అనుభవం దేశంలో చాలా తక్కువ ప్రాంతాలకు ఉంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కోసం చెరువులు తవ్వినప్పుడు పిల్ల రొయ్యను కాలువల నుంచే పట్టేవారు. సన్న బట్ట వలల్లో పడిన ఇతర చేపల, పీతల పిల్లలను ఒడ్డున పారబోసేవారు. 1994, 1995లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు ఎండాయి. తమిళనాడుకు చెందిన గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009 నుంచి వనామి రొయ్య వచ్చింది. ఇప్పుడు పిల్ల హేచరీల నుంచి వస్తుంది కాబట్టి కాలువలకు ఆ బాధ తప్పింది. కానీ చెరువుల్లో వేసే మేతలో చేపల పిండి ఉంటుంది, ఆ పిండికి ముడిసరుకు లాగుడు వలల్లో పడే చిన్నాచితకా చేప. తినడానికి పనికిరాదని తక్కువ ధరకు పోసే ఆ కుప్పల్లో, ఎదిగితే మంచి ధర పలకవలసిన చేపల పిల్లలు ఉంటాయి. చెరువు రైతు, పడవ యజమాని తరచు ఒకే మండలంవారు, అయినా ఒకరి లాభం మరొకరి రేపటి వేటను తినేస్తున్న సంగతి ఇద్దరూ కలిసి మాట్లాడుకునే చోటు లేదు. హార్బరుకు అనుబంధంగా చేపల పిండి మిల్లులు రావాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, దానికి ముందుగా కనీస పరిమాణాల పట్టిక అమలులో ఉండాలని నేను కోరతాను.

ఇంత చెప్పాక, ఎవరు నిర్ణయించాలి అన్న దగ్గరికి వస్తాను. మా తీరంలో పాలేనికి కాపులు, అంటే పాలెం పెద్దలు, ఉంటారు. వారు కూర్చుని దురాయి వేస్తే, అంటే కట్టుబాటు ప్రకటిస్తే, అది పాలెమంతటా చాటింపు అవుతుంది, ధిక్కరించినవారు తప్పు కట్టాలి. ఊళ్లో చావు జరిగినప్పుడు, జాతర జరిగినప్పుడు ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగకుండా ఆగడం నేను చూశాను. ఆ రోజు ఒడ్డున కాపలా ఉండే పోలీసు గానీ అధికారి గానీ ఎవరూ ఉండరు. ప్రభుత్వ ఉత్తర్వుకు లేని బలం ఆ మాటకు ఉంది. పులికాట్‌లో తమిళనాడు వైపు గ్రామాల్లో ‘పాడు’ అనే పద్ధతి ఉంది: సరస్సు మొగ దగ్గర మంచి వేట పడే చోట్లను ఎవరో ఒకరు ఆక్రమించకుండా, చీట్లు వేసుకుని వంతుల వారీగా పంచుకుంటారు. పరిశోధకులు దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న ఆ పద్ధతిని ఏ శాఖా నేర్పలేదు.

అయితే దురాయిని నేను ఉన్నదున్నట్టుగా పొగడలేను. అదే దురాయితో కుటుంబాలను వెలి వేసిన సందర్భాలు ఉన్నాయి. కాపుల్లో ఆడవారు ఉండరు, యానాదులు అసలే ఉండరు. పులికాట్ పాడు కూడా తరతరాల హక్కుదారులకే చెందుతుంది, బయటివారికి చోటు లేక అక్కడా తగవులు ఉన్నాయి. మనిషిని వెలి వేసే అధికారం ఏ సంఘానికీ ఉండకూడదు, ఆ విషయంలో చట్టమే గెలవాలి. కానీ వల కన్ను, వేట కాలం, వేట చోటు అనే మూడు విషయాల్లో గ్రామ నిర్ణయానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చి, ఆ నిర్ణయం తీసుకునే సభను మాత్రం పెద్దది చేయాలి. 2017 జాతీయ సముద్ర మత్స్య విధానం ప్రభుత్వమూ మత్స్యకారులూ కలిసి చేసే నిర్వహణ గురించి మాట్లాడుతుంది. కాగితం మీద ఉన్న ఆ మాటకు మా తీరంలో రూపం ఇవ్వడానికి కాపుల సభ కంటే దగ్గరి ఆధారం నాకు కనబడదు.

ఆడవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పడవ ఒడ్డు చేరాక చేపను వేలంపాటలో కొనేది, గంపకెత్తి ఊళ్లకు తీసుకెళ్లేది, నెత్తళ్లను ఇసుక మీద ఎండబెట్టేది చాలా వరకు వారే. ఏ చేప చిన్నదవుతున్నదో, ఏది కనిపించడం మానేసిందో వారికి ముందు తెలుస్తుంది, ఎందుకంటే ధర చెప్పవలసింది వారు. ఒకామె నాతో, “చందువ ముందు రెండు చేతులతో పట్టుకొని అమ్మేదాన్ని అయ్యోరా, ఇప్పుడు అరచేతిలో పడతా ఉండాది” అంది. సారాకు వ్యతిరేకంగా దూబగుంట నుంచి కదిలి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చిన ఆడవారు ఈ జిల్లావారే. పాలెం సభలో వారికి సగం చోటు ఇవ్వడానికి ఇంకా ఏ అర్హత కావాలి?

జువ్వలదిన్నె హార్బరు ప్రారంభమైన రోజునే దేశవ్యాప్తంగా లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కూడా ప్రకటించారు. ప్రమాదంలో పడవను వెదకడానికి ఉపయోగపడే ఆ పరికరమే, పడవ 8 కిలోమీటర్ల గీత లోపల ఉందో బయట ఉందో కూడా చెప్పగలదు. ఆ సమాచారం అధికారుల కంప్యూటర్‌లో మాత్రమే కాకుండా, ఏ గ్రామం ఎదుట ఆ పడవ తిరిగిందో ఆ గ్రామ సభకు కూడా అందాలి. హార్బరులో నమోదయ్యే మరపడవల సంఖ్యకు పై పరిమితి నిర్ణయించాలి, అది చుట్టుపక్కల పాలేల సమ్మతితో జరగాలి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు పోటీపడి పడవలు పంచినప్పుడు ఎన్ని పడవలు ఈ నీళ్లకు చాలునన్న లెక్క ఎవరూ వేయలేదు. అప్పుడు మనుషులు చనిపోయిన దుఃఖంలో ఉన్నాం కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం, ఇప్పుడు ఆ తొందర లేదు.

వీటిలో కొన్నిటికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, కొంత సమయం పడుతుంది. ఒక్క పని మాత్రం వచ్చే జూన్ 15న వేట మొదలైన రోజునే మొదలుపెట్టవచ్చు. ప్రతి పాలెంలో పాట జరిగే చోట ఒక పుస్తకం పెట్టి, ఏ చేప, ఎంత పొడుగు, ఎన్ని కిలోలు, ఏ వలతో, ఎన్ని బారల లోతులో పడింది అన్న అయిదు వివరాలు రోజూ రాయాలి. పాటలో ఉండే ఆడవారిలో చదువుకున్నవారు ఉన్నారు, తీర గ్రామాల్లో మత్స్యకారులకు తోడుగా ప్రభుత్వం నియమించిన సాగర మిత్రలు ఉన్నారు, సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు, మా బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొలబద్ద పట్టుకుని చేపను కొలవగలరు. ఒక సంవత్సరం ఈ పుస్తకం నిండితే ఏ నెలలో సన్న వల ఆపాలో ఆ పాలెం తన లెక్కతోనే కాపుల ముందు, జిల్లా అధికారుల ముందు చెప్పగలదు. మా పాలెంలో ఈ మాట కాపుల దగ్గర పెట్టాను, వారు విన్నారు, నిషేధ కాలంలో కూర్చుందామన్నారు. పక్క పాలేల్లో ఉపాధ్యాయులుగానో, సాగర మిత్రలుగానో ఉన్నవారు ఎవరైనా ఇదే పని చేయదలిస్తే, పుస్తకంలో గళ్లు అందరికీ ఒకే తీరుగా ఉండేలా ముందుగా కలిసి మాట్లాడుకుందాం. అలా ఉంటేనే ఒక ఊరి లెక్కను మరో ఊరి లెక్కతో పోల్చడానికి వీలవుతుంది.